పాత పికప్పు ట్రక్కు ముందుభాగమును ఇంటివద్ద దించు విధము



గడచిన నెల మన సంఘ కార్యాలయమున ఎరువుల పంపిణీ జరుగుచుండగా సభ్యులలో ఒక పెద్దరైతు నన్ను ప్రక్కకు పిలిచి తన టెలిఫోనులోని ఒక చిత్రమును చూపెను. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న ఆయన కుమారుడు ఒక పాత షెవ్రొలే పికప్పు ట్రక్కును కొనెనట. అది 1970లో తయారైన సి-10 అను రకము.

"అయ్యా, బరువు మోయుటకు పుట్టిన బండిని మావాడు ముందువైపు నేలకు దించెదనని చెప్పుచున్నాడు. మెకానిక్ షెడ్డునకు తీసికొనిపోడట. తన ఇంటి షెడ్డులోనే, తానే బండిక్రింద దూరి చేయునట. ఇది చేయదగిన పనియేనా? చేయదగినదైనచో ప్రాణభయము లేకుండ చేయు మార్గమేది? నేను చెప్పిన వినడు. మీరు వ్రాసినచో చదువును" అని ఆయన అడిగెను.

ఆ ప్రశ్నలకు సమాధానముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. మనలో అనేకుల బిడ్డలు ఆ దేశమున ఉన్నారు. మన యిండ్లలోను పాత జీపులు, సామాను బండ్లు ఉన్నవి. స్ప్రింగు ధర్మము అచ్చటను ఇచ్చటను ఒక్కటియే గనుక, ఇది ఒక కుటుంబమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

బండి యెట్టిదో మొదట తెలిసికొనవలెను

పికప్పు అనగా ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గది, వెనుక సామానునకు పైకప్పులేని తొట్టి గల చిన్న ట్రక్కు. అమెరికా రైతులు పశువుల మేత, ఎండుగడ్డి, కంచె సామాను మోయుటకు దీనిని వాడిరి. పైకి ఒకేవిధముగా కనబడినను వీని ముందుభాగపు నిర్మాణము అన్నింటికి ఒకటి కాదు.

1947 మొదలు 1955 వరకు వచ్చిన షెవ్రొలే పికప్పులకు మన యెడ్లబండివలె ఈ చక్రమునుండి ఆ చక్రమువరకు ఒకే యినుప ఇరుసును, దానిపై కమాను కట్టలును ఉండెను. 1960లో ఆ కంపెనీవారు ముందు చక్రములు రెంటిని విడదీసి, దేనికది కదలునట్లు చేసిరి. మొదటి మూడేండ్లు మెలిపడు ఇనుపకడ్డీలను స్ప్రింగులుగా వాడి, 1963 మొదలు చుట్టల స్ప్రింగులను పెట్టిరి. ఫోర్డు కంపెనీవారు 1965లో రెండు దూలముల ఇరుసు అను మరియొక పద్ధతిని తెచ్చిరి. వీనిలో ఒకదానికి చేయవలసిన పని మరియొకదానికి పనికిరాదు. ఈ వ్యాసము 1963–72 నడుమ వచ్చిన, వెనుక చక్రములతో మాత్రమే నడచు సి-10 బండికి సంబంధించినది.

దించుట యెందులకు అని అడుగవచ్చును. ఈ బండ్లు ఇప్పుడు గడ్డి మోయుట లేదు. వీనిని ముచ్చటకొరకు కొని, బాగుచేసి, సెలవుదినములలో నడపువారే అధికము. ముందుభాగము క్రిందికి దిగియుండుట వారి కంటికి అందము. ఒక ప్రయోజనమును కలదు. మోపులు ఎత్తుగా వేసిన బండి మలుపులో ఒరుగుననియు, తక్కువ ఎత్తుగలది నిలుకడగా పోవుననియు మనకు అనుభవమే. బరువు నేలకు దగ్గరైనకొలది బండి మలుపులలో తక్కువ ఒరుగును. కావున కోరిక తప్పు కాదు. అయితే ఎత్తు తగ్గించుట వేరు, స్ప్రింగు పనిని తగ్గించుట వేరు. ఈ భేదమును తెలియనివారే బండిని చెరచుకొనుచున్నారు.

ఏతమువంటి యమరిక

ఈ బండిలో ముందు చక్రమొక్కొక్కదానికి క్రింద ఒకటి, పైన ఒకటి ఇనుప చేతులు రెండు కలవు. వీనిని కంట్రోలు ఆర్ములందురు. లోపలి కొనలు బండి చట్రమునకు కీళ్లతో తగిలింపబడి పైకిని క్రిందికిని ఆడును. బయటి కొనలయందు బాల్ జాయింటులను గుండ్రని కీళ్లుండును. ఆ రెండు కీళ్లనడుమ నిలువుగా నున్న ఉక్కుముక్క స్పిండిలు. దానినుండి బయటికి పొడుచుకొనివచ్చిన ఇరుసుమొనపై చక్రము తిరుగును. క్రింది చేతికిని చట్రమునకును నడుమ చుట్టల స్ప్రింగు నిలిచి బండి బరువును మోయును.

ఇది ఏతమువంటిదే. ఏతపు మ్రానుపై మనిషి నిలుకడ స్తంభమునకు దగ్గర కొద్దిగా కదలినను కొనయందలి బాన చాల దూరము కదలును. అట్లే స్ప్రింగు క్రింది చేతికి నడుమభాగమున ఉండుటచేత, స్ప్రింగు ఒక అంగుళము పొట్టియైనచో చక్రమువద్ద బండి సుమారు రెండంగుళములు దిగును. బరువులెక్క దీనికి తలక్రిందు. చక్రముపై 450 కిలోల బరువున్నచో స్ప్రింగుపై సుమారు 900 కిలోల ఒత్తిడి యుండును. ఈ రెండు లెక్కలను మరువరాదు. మొదటిదానివలన ఎంత తీయవలెనో తెలియును. రెండవదానివలన ఎంత భయపడవలెనో తెలియును.

దించుటకు మూడు దారులు

మొదటిది, ఉన్న స్ప్రింగును కోయుట. ఖర్చు లేదు గనుక పడుచువారు దీనికే ఆశపడుదురు. పది చుట్లలో ఒకటి కోసినచో బండి దిగును. కాని మిగిలిన తొమ్మిది చుట్లు మునుపటికన్న తొమ్మిదవ వంతు బిరుసెక్కును. చేయి పైకి లేచుటకున్న చోటు తగ్గును. గుంత తగిలినప్పుడు చేయి పోయి రబ్బరు దిమ్మకు, దిమ్మనుండి చట్రమునకు గుద్దుకొనును. కోసిన కొన తన గూటిలో సరిగా కూర్చుండనిచో స్ప్రింగు వంకరగా నిలుచును. కొందరు కోయను గూడ కోయక, బండిలోనుండగనే స్ప్రింగును గ్యాసుమంటతో కాల్చి కుంగదీయుదురు. ఇది అన్నింటికంటె చెడ్డది. కమ్మరి నాగటికర్రునకు పెట్టిన పదును కొలిమిలో మరల కాల్చినచో పోవునని మీకు తెలియును. స్ప్రింగు ఉక్కుకును అట్టి పదునే ప్రాణము. కాలిన చోట అది చచ్చిపడును, లేదా నడిరోడ్డున విరుగును.

రెండవది, పొట్టిగా తయారుచేసి అమ్ముచున్న క్రొత్త స్ప్రింగును వేయుట. ఇది కోతకన్న మేలు. కొనలు గూటికి సరిపోవును, బిరుసును లెక్కప్రకారమే యుండును. అయినను చేతులు ముందే కొంత పైకెత్తి నిలుచును గనుక కదలు చోటు తగ్గక తప్పదు.

మూడవది, స్పిండిలును మార్చుట. క్రొత్త స్పిండిలులో ఇరుసుమొన మామూలు స్థానముకన్న సుమారు రెండున్నర అంగుళములు పైన ఉండును. చక్రము నేలపైననే యుండును గనుక, మిగిలిన బండి యంతయు ఆ మేరకు క్రిందికి దిగును. స్ప్రింగు మునుపటిదే, చేతుల వాలు మునుపటిదే, కదలు చోటు మునుపటిదే. ఎత్తు తగ్గినది, స్ప్రింగు పని తగ్గలేదు. అందుచేత ఈ దారియే ఉత్తమమని నా అభిప్రాయము.

అయితే దీనిలో ఒక చిక్కు కలదు. 1970 నాటి బండికి ముందు డ్రమ్ము బ్రేకులు. డిస్కు బ్రేకులు 1971 మొదలు వచ్చినవి. అమ్మకమునకున్న దించిన స్పిండిళ్లు అధికముగా డిస్కు బ్రేకులకు సరిపోవునట్లు చేసినవి. కావున 1970 బండికి బ్రేకులను, వానిని నడుపు మాస్టరు సిలిండరును గూడ మార్చవలసి వచ్చును. పైగా 1970 వరకు ఈ బండి చక్రమునకు ఆరు బోల్టులు, 1971 మొదలు ఐదు. తెలియక కొన్నచో ముందు ఐదు, వెనుక ఆరు అయి, పంక్చరు పడిననాడు ఒకే అదనపు చక్రము రెండువైపులకు పనికిరాదు. ఆరు బోల్టుల డిస్కులను అడిగి కొనవలెను. పనిముట్లు చేతబట్టకముందే ఈ ఖర్చునంతయు లెక్కవేసికొనవలెను.

స్ప్రింగులో దాగిన బలము

900 కిలోల ఒత్తిడితో నాలుగంగుళములు నొక్కబడియున్న స్ప్రింగులో ఎంత బలము దాగియున్నదో లెక్కచూతము. 75 కిలోల ధాన్యపు బస్తాలు రెంటిని ఒక అడుగు ఎత్తుటకు కావలసినంత బలమది. బస్తాలు బరువైనవి గనుక ఒక్క అడుగే లేచును. అదే బలము ఆరు కిలోల స్ప్రింగును ఒక్కసారి విసరినచో అది ఇరువదియైదు అడుగుల ఎత్తునకు పోగలదు. ఎదుట మనిషి ముఖమున్నచో చెప్పనక్కరలేదు.

బండి బరువు అంతకన్న పెద్ద అపాయము. నాకు ఇరువదియైదేండ్ల వయస్సున, ఒక పల్లెలో ట్రాక్టరు ట్రయిలరు చక్రమును మార్చుచుండగా నేను దగ్గరనే యుంటిని. ముందురాత్రి చిన్నవాన పడినది. నల్లరేగడి నేలపై జాకీని నిలిపి ట్రయిలరును ఎత్తితిమి. పనిపిల్లవాడు క్రింద దూరబోవుచుండగా ముసలి బండివాడొకడు అడ్డుపడి, తుమ్మమొద్దును తెచ్చి ఇరుసుక్రింద పెట్టించెను. "జాకీ యుండగా మొద్దెందులకు?" అని నేనే నవ్వితిని. కొంతసేపటికి జాకీ అడుగు నేలలో దిగబడి ఒరిగెను. ట్రయిలరు వచ్చి మొద్దుపై ఆగెను. పిల్లవాని చొక్కా మాత్రము ఇనుమునకును నేలకును నడుమ చిక్కుకొనెను. ఆ మొద్దు లేకున్నచో అక్కడ చిక్కుకొనియుండునది చొక్కా మాత్రమే కాదు. ఆనాటినుండి జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదని నేను చెప్పని చోటు లేదు.

చేయవలసిన క్రమము

1. సమతలముగ నున్న సిమెంటు నేలపై బండిని నిలుపవలెను. మట్టినేల, వాలునేల పనికిరావు. వెనుక చక్రములకు రెండువైపుల దిమ్మలను పెట్టవలెను. ఇంటిలో మరియొక మనిషి పిలుపు వినునంత దూరమున ఉండవలెను.

2. చక్రపు నడిబొడ్డునుండి పై రేకు అంచువరకు ఎత్తును నాలుగువైపుల కొలిచి వ్రాసికొనవలెను. చక్రములు నేలపై ఉండగనే ముందు చక్రముల నట్లను కొద్దిగా వదులు చేయవలెను.

3. ముందుభాగమును జాకీతో ఎత్తి, చట్రముక్రింద రెండువైపుల ఉక్కు స్టాండులను నిలిపి, బరువును వానిపైకి దించవలెను. ఇటుకలు, సిమెంటు దిమ్మలు చిట్లును గనుక వాడరాదు. రెండు చేతులతో బండిని గట్టిగా త్రోసి చూడవలెను. కదలినచో మరల మొదటినుండి నిలుపవలెను. విప్పిన చక్రమును చట్రముక్రింద పడవేసినచో అది తుమ్మమొద్దు పని చేయును.

4. రెండువైపుల ఒకేసారి విప్పరాదు. ఒకవైపు ముగించిన పిమ్మటనే రెండవవైపు. విప్పని వైపు చూచి బిగించుటకు నమూనాగా నుండును.

5. బ్రేకు భాగములను తీసి, గొట్టము విప్పినచోట నూనె కారకుండ మూయవలెను. తిరిగి వాడు భాగములను గొట్టముమీద వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. స్టీరింగు టై రాడ్డు కొనను విప్పవలెను.

6. క్రింది చేతికి బాల్ జాయింటు దగ్గర జాకీని పెట్టి, చేయి కొద్దిగా లేచువరకు ఎత్తవలెను. చట్రము స్టాండునుండి లేచునంతగా ఎత్తరాదు. బలమైన గొలుసును స్ప్రింగు చుట్లలోనుండి దూర్చి చట్రమునకు కట్టవలెను. స్ప్రింగు తప్పినను గొలుసు దాటి పోలేదు.

7. బాల్ జాయింటుల నట్లను నాలుగైదు మరలమేర వదులు చేయవలెను గాని పూర్తిగా తీయరాదు. స్పిండిలులో ఆ కీలు దిగిన భాగమును ప్రక్కనుండి సుత్తితో కొట్టినచో బిగిసిన కీలు ఊడును. నట్టు ఇంకను ఉన్నది గనుక ఏదియు ఎగిరిపడదు. అప్పుడు జాకీ ఆనుకొనియున్నదని మరల చూచి నట్లను తీసి, పాత స్పిండిలును వేరుచేయవలెను. ఈ సమయమున స్ప్రింగు బలమంతయు ఆ జాకీపైననే యుండును. దానిని తాకరాదు, దాని యెదుట కూర్చుండరాదు.

8. క్రొత్త స్పిండిలును కూర్చి, బిగువును కొలిచి చూపు పానాతో, తయారుచేసినవారి పుస్తకములో చెప్పినంత బిగించవలెను. తరువాత కాటరు పిన్నును దూర్చవలెను. ఇది మన బండికి కడశీలవంటిది. కడశీల ఊడిన బండికి చక్రమెట్లు నిలువదో, పిన్ను లేని నట్టు అట్లే నిలువదు. రంధ్రము ఎదురుపడనిచో నట్టును ముందుకు బిగించవలెను గాని వెనుకకు వదులు చేయరాదు. పాత పిన్నును మరల వాడరాదు.

స్ప్రింగును మార్చదలచినవారు షాకు అబ్సార్బరును విప్పి, స్ప్రింగును నొక్కిపట్టు సాధనమును బిగించి, గొలుసు కట్టి, జాకీని వెంట్రుకవాసి వంతున దించవలెను. ఆ సాధనము లేనివారు ఆ పనికి పూనుకొనరాదు. కొన్ని దుకాణములలో దానిని అద్దెకు ఇత్తురు.

పని ముగిసిన తరువాత

బండి క్రిందికి దిగినంతమాత్రమున పని ముగిసినట్లు కాదు. బ్రేకు నూనెలోని గాలిని తీసి, పెడలు కాలిక్రింద గట్టిగా నిలుచువరకు బండిని కదలింపరాదు. స్టీరింగును కుడియెడమలకు చివరివరకు త్రిప్పి, టైరు దేనికైనను రాచుకొనునేమో చూడవలెను. టైరులో గాలి పోయి చక్రపు ఇనుపకట్టు నేలకానినను, బండి అడుగుభాగములో ఏదియు నేలను తాకకుండ ఉండవలెను. ఇంతకు మించి దించినచో ఒక్క పంక్చరుతో చట్రము రోడ్డును దున్నును.

తరువాత చక్రముల వ్రాలును, దారిని సరిచేయించవలెను. చక్రము నిలువునకు ఎంత వ్రాలినదనునది ఒక కొలత. స్టీరింగు కీళ్ల గీత నిలువునకు ముందుకో వెనుకకో ఎంత వాలినదనునది రెండవది. రెండు చక్రముల ముందంచులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా నున్నవనునది మూడవది. మొదటి రెంటిని పైచేతి మూలమున పలుచని ఇనుపబిళ్లలను చేర్చియు తీసియు సరిచేయుదురు. మూడవదానిని టై రాడ్డును త్రిప్పి సరిచేయుదురు. జోడెడ్లలో ఒకటి లోపలికిని ఒకటి వెలుపలికిని లాగినచో బండి ముందుకు పోయినను కాడి అరుగునట్లే, ఈ కొలతలు తప్పినచో క్రొత్త టైరులు కొద్దికాలములోనే అరిగిపోవును. ఈ ఒక్క పనిని ఇంటివద్ద చేయక యంత్రముగల షెడ్డులో చేయించుటయే మంచిది. ముందుభాగము దిగినది గనుక దీపముల చూపును సరిచేయవలెను. కొద్దిదూరము మెల్లగా నడపి వచ్చి ప్రతి నట్టును మరల చూడవలెను.

మన బండ్ల సంగతి

మన దేశమున ఎత్తు దించువారికన్న, అధికభారము మోయుటకు కమాను కట్టలో పట్టీలను చేర్చువారే అధికము. ధర్మము ఒక్కటియే. పట్టీ చేర్చినందున స్ప్రింగు బలపడునేగాని ఇరుసు, బ్రేకులు, టైరులు, చట్రము బలపడవు. భారమంతయు వానిలో బలహీనమైనదానిపై పడును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. మార్పు తలపెట్టువారు రవాణా కార్యాలయమున విచారించి, భీమా కంపెనీకి తెలిపి మరి చేయవలెను. ప్రమాదము జరిగిన పిమ్మట ఈ మాట గుర్తునకు వచ్చి ప్రయోజనములేదు.

పెద్దరైతుగారికి నా సమాధానమిది. పని చేయదగినదే, ఇంటివద్ద చేయుటయు సాధ్యమే. ఆయన కుమారునికి ఒక మాట. నాయనా, నీ బండి దిగవలసినది రెండున్నర అంగుళములు. దానికి రెండు సెలవుదినములు పట్టినను, నాలుగు పట్టినను ఎవరును నిన్ను అడుగరు. జాకీని నమ్మవలదు. గొలుసు కట్టక నట్టు తీయవలదు. బండిక్రింద దూరుటకు ముందు ఇంటిలోనివారికి చెప్పుము. పని ముగిసి చేతులు కడుగుకొనిన వెంటనే, ఇక్కడ రాత్రి యెంత ప్రొద్దుపోయినను సరే, మీ నాయనగారికి టెలిఫోను చేయుము.